డ్రమ్‌హెల్లర్ హూడూలు చూడ్డానికి వెళ్తున్నారా?

హూడూలంటే వానకీ గాలికీ అరిగి మిగిలిన రాతి స్తంభాలు. కెనడాలోని ఆల్బెర్టాలో, రెడ్ డీర్ నది లోయలో ఉంటాయివి. డ్రమ్‌హెల్లర్ పట్టణం నుంచి హైవే 10 మీద ఆగ్నేయంగా సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే రోడ్డు పక్కనే కనిపిస్తాయి.

మిట్టమధ్యాహ్నం వద్దు, ఫొటోలు చప్పగా వస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్తే ఏటవాలు ఎండలో ఇసుకరాయి పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలతాయి. ముందుగా స్తంభం నెత్తిన టోపీలా కూర్చున్న గట్టి రాయిని గమనించండి, కింది మెత్తటి రాయిని వాన నుంచి కాపాడేది అదే, అది పడిపోయిందంటే మిగతాది త్వరగా అరిగిపోతుంది.

వాన పడితే మాత్రం ప్లాన్ మార్చుకోండి, ఎందుకంటే ఇక్కడి మట్టిలో బెంటోనైట్ అనే బంకమట్టి ఉంటుంది, తడిస్తే అడుగు నిలవదు, బూట్లకు ముద్దలుగా పట్టేస్తుంది. స్తంభాలు ఎక్కడం, పేర్లు చెక్కడం లాంటి వేషాలొద్దు. నీళ్లు వెంట ఉంచుకోండి.