తొలి పనామా టోపీ కొనేవారికి

శ్రీకాకుళం ఎండలకు తలకు తువ్వాలు చుట్టుకునే మనలో ఎవరైనా పనామా టోపీ కొనదలచితే, అది నిజానికి ఈక్వడార్‌లో టొకిల్లా అనే మొక్క లేత ఆకుల పీచుతో చేత్తో అల్లేదనీ, ఆ అల్లికను యునెస్కో 2012లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిందనీ ముందుగా తెలుసుకోవాలి. కాగితపు పీచు టోపీలూ ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి కాబట్టి, ఆన్‌లైన్‌లో ముడిసరుకు వివరం చదివి, నడినెత్తిన అల్లిక మొదలైన చోటి ఫొటోను దగ్గరగా చూడాలి. అల్లిక సన్నబడే కొద్దీ ధర పెరుగుతుంది. మొదటిసారికి మధ్యరకం చాలు, ఈక్వడార్‌లోని మోంటెక్రిస్టి ఊళ్లో అల్లే అతి సన్నని టోపీల మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

దర్జీ టేపును నుదుటి మీదుగా, చెవులకు కాస్త పైనుంచి చుట్టి సెంటీమీటర్లలో కొలవాలి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే మేలు. ముందరి నొక్కుల దగ్గర పట్టి ఎత్తితే పీచు అక్కడే చిట్లుతుంది, అంచు పట్టుకోవాలి. కళింగపట్నం తీరానికి పెట్టుకెళ్లేవారు గడ్డం కింద బిగించే తాడున్నది ఎంచుకోవాలి.