తేలేదాన్ని ముంచాలని చూశాం

చిత్తూరు జిల్లాలో ఒక డెయిరీ మురుగునీటి విభాగం నాది. మడ్డిని అడుగుకు దించే సెటిలింగ్ ట్యాంకులో పటిక ఎంత పెంచినా నీరు తేరలేదు.

చివరికి లీటరు కొలజాడీలో ఆ నీరు పోసి అరగంట కదలకుండా గమనించాను. అడుగున మడ్డి చిటికెడే. పైన మాత్రం వేలెడు మందాన కొవ్వు తెట్టు, మీగడలా గాజుకు అంటుకుని ఉంది. తేలేదాన్ని ఇన్నాళ్లూ ముంచాలని చూశాం!

వెంటనే డీఏఎఫ్ (డిసాల్వ్‌డ్ ఎయిర్ ఫ్లొటేషన్), అంటే కరిగిన గాలితో మలినాలను తేల్చే యంత్రం పెట్టించాను. ఒత్తిడితో గాలి కరిగించిన నీటిని ట్యాంకులోకి వదలగానే, సన్నని బుడగలు పుట్టి కొవ్వును పట్టుకుని పైకి లేపుతాయి. పైన తిరిగే పలకలు తెట్టును గీకేస్తాయి. పెరుగు గడ్డల కోసం ముందు జల్లెడ తప్పనిసరి.

పాత ట్యాంకును తీసేయలేదు. బ్యాక్టీరియా శుద్ధి తర్వాత వచ్చే బురద చక్కగా అడుగుకు దిగుతుంది, దానికి అదే సరైనది. యంత్రాల ధరలు అడిగే ముందు దయచేసి కొలజాడీ పరీక్ష చేయండి.