కాఫీ పూత పరిశోధన – స్వయం అధ్యయనం: మూడవ పాఠం, సంచి కట్టిన కొమ్మ

కాఫీ మొగ్గ నిద్రావస్థ గురించీ, పూతవాన పడ్డాక పువ్వు విచ్చడానికి పట్టే వారం పది రోజుల గడువు గురించీ గత పాఠంలో తెలుసుకున్నాం. విచ్చిన ఆ తెల్లని పువ్వులు రెండు మూడు రోజులకు మించి నిలవవు. ఆ కొద్ది వ్యవధిలో తేనెటీగలు చేసే మేలు ఎంతో తేల్చాలంటే, వాలిన ఈగలను లెక్కపెడితే చాలదు. అవి వాలకపోయి ఉంటే ఎన్ని కాయలు నిలిచేవో కూడా తెలియాలి. ఆ సంగతి చెప్పగలిగేది సంచి కట్టిన కొమ్మ ఒక్కటే.

ఒకే మొక్కపై, ఒకే ఎత్తులో, ఒకే దిక్కుకు ఉన్న నాలుగు కొమ్మలను మొగ్గ దశలోనే ఎంచుకోవాలి. మొదటి కొమ్మను తెరిచి ఉంచుతాం. రెండవ దానికి సన్నని వలసంచి కడతాం. గాలితో వచ్చే పుప్పొడి దానిలో నుంచి కొంతవరకు లోపలికి పోతుంది గాని తేనెటీగ పోలేదు. మూడవ దానికి కాగితపు సంచి కడతాం. అక్కడ గాలికి కూడా దారి ఉండదు. నాలుగవ కొమ్మ పువ్వులకు వేరే మొక్క నుంచి తెచ్చిన పుప్పొడిని మెత్తని కుంచెతో మనమే అద్దుతాం. మొదటి రెండు కొమ్మల మధ్య తేడా కీటకాల పాత్రను సూచిస్తుంది, రెండవ మూడవ కొమ్మల మధ్య తేడా గాలి పాత్రను సూచిస్తుంది. తెరిచిన కొమ్మ కంటే నాలుగవ కొమ్మలో కాయలు గణనీయంగా ఎక్కువ నిలిస్తే, ఆ తోటకు పరాగ సంపర్కం చాలడం లేదని అర్థం. ఏ కొమ్మకు ఏ సంచి అన్నది మాత్రం చీటీలు వేసి నిర్ణయించండి. మంచి కొమ్మను తెరిచి ఉంచాలని చేయి దానంతట అదే పోతుంది కనుక ఈ నియమాన్ని సడలించవద్దు.

అరకు, చింతపల్లి కొండల్లో పండే అరబికా రకం కాఫీ తన పుప్పొడితో తానే కాయగలదు. కాబట్టి సంచిలోని కొమ్మ కూడా కొంత కాస్తుంది. కర్ణాటకలోని కొడగులో విస్తారంగా ఉన్న రోబస్టా రకానికి తన పుప్పొడి తనకు పనికిరాదు. గాలి గాని, కొండ తేనెటీగ వంటి కీటకం గాని మరో మొక్క పుప్పొడిని మోసుకురావలసిందే. అందువల్ల ఒకే ప్రయోగం రెండు పంటల్లో రెండు రకాల ఫలితాలను ఇస్తుంది.

మనం ఉండే హైదరాబాద్‌లో కాఫీ తోట లేదు గాని, ఈ నైపుణ్యాన్ని మేడ మీది కుండీల్లోనే అలవరచుకోవచ్చు. అరబికాకు బదులుగా మిరపను తీసుకోండి. అది కూడా చాలా వరకు స్వపరాగ సంపర్కంతోనే కాస్తుంది. రోబస్టాకు బదులుగా కాకరను తీసుకోండి. కాకరలో ఆడ, మగ పువ్వులు వేరు కావడమే కారణం తప్ప రోబస్టాలో ఉన్న అడ్డంకి అందులో లేదు. అయినా పుప్పొడిని బయటి నుంచి ఏదో ఒకటి మోసుకురానిదే కాయ లేదన్న విషయంలో రెండూ ఒకటే. శుభకార్యాలలో రిటర్న్ గిఫ్టులకు వాడే పల్చటి వలసంచులు బేగంబజార్‌లో దొరుకుతాయి, అవి సరిపోతాయి. కాకర ఆడ మొగ్గకు ముందురోజు సాయంత్రమే సంచి కట్టాలి. మిరప పువ్వులు ఒకటొకటిగా విచ్చుతాయి కనుక ప్రతి మొగ్గ తొడిమకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. మన ఎండాకాలపు వేడికి మిరప పూత దానంతట అదే రాలిపోతుంది. ఈ అభ్యాసం చలికాలంలో చేయడం మంచిది.

లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది, అక్కడ కాస్త ఆగుదాం. తెరిచిన కొమ్మలో 120 మొగ్గలకు 84 కాయలు నిలిచాయనుకుందాం. అది 70 శాతం. వలసంచిలో 110కి 55 నిలిచాయనుకుందాం. అది 50 శాతం. దీనిని 20 శాతం పెరుగుదల అనకూడదు. తేడా 20 పాయింట్లు, 50 మీద 20 కనుక పెరుగుదల 40 శాతం. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో అరబికాపై శాస్త్రవేత్త క్లైన్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, తేనెటీగల జాతులు మూడు ఉన్న తోటల్లో సుమారు 60 శాతం పువ్వులు కాయలైతే, ఇరవై జాతులున్న తోటల్లో సుమారు 90 శాతం అయ్యాయి. తేడా 30 పాయింట్లే అయినా కాయల సంఖ్య ఒకటిన్నర రెట్లయింది. ఏ పరిశోధనా పత్రం చదివినా శాతం దేనిమీద కట్టారో ముందుగా చూడండి.

సంచి కూడా ఫలితాన్ని మార్చగలదు. అది నీడనిస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. పూరేకులు వాడగానే దానిని తీసివేయాలి. మరో చిక్కు పురుగులది. 2021లో తెలంగాణ మిరప రైతును ఎంతో నష్టపరచిన నల్ల తామర పురుగు పువ్వులోనే దాగి ఉంటుంది. వలసంచి దానిని ఆపలేదు. లోపల చిక్కిన పురుగుల వల్ల పూత రాలితే, ఆ నష్టాన్ని తేనెటీగ లేకపోవడానికి అంటగడతాం. కనుక కొన్ని పువ్వులను తెల్లకాగితం మీద దులిపి చూడడం తప్పనిసరి. కాఫీలో ఈ జాగ్రత్త కాయలు ఎదిగాక చేసే రెండవ లెక్క సమయంలో అవసరం: 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశంలో మొదటిసారి కనిపించిన కాయతొలుచు పురుగు, కాయ కొనలో సూదిమొన అంత రంధ్రం చేస్తుంది. నిలిచిన కాయనూ తొలిచిన కాయనూ వేరు వేరు వరుసల్లో రాయాలి.

వచ్చే పాఠానికి రెండు మిరప మొక్కలు, ఒక కాకర పాదు సిద్ధం చేసుకొని, కొమ్మ, సంచి రకం, మొగ్గల సంఖ్య, సంచి కట్టిన తేదీ, తీసిన తేదీ, నిలిచిన కాయలు అన్న గళ్లతో పట్టిక గీసుకోండి. కోస్టారికాలోని 30 కాఫీ తోటల్లో పక్షులనూ తేనెటీగలనూ విడివిడిగా, ఆపై రెండింటినీ కలిపి అడ్డుకొని చూసిన 2022 నాటి ప్రయోగాన్ని నాలుగవ పాఠంలో ఈ పట్టిక పక్కన పెట్టుకొనే చదువుతాం.