బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు: బీమా కంపెనీ అడిగే ఆహార నియమాన్ని సక్రమంగా పూర్తిచేయడం

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకోవాలని నిర్ణయించుకున్నవారు సాధారణంగా ముందు మంచి సర్జన్ కోసం వెతుకుతారు. అమెరికాలో బీమా మీద ఆధారపడి ఈ చికిత్సకు వెళ్లదలచినవారు అంతకంటే ముందు తమ పాలసీని చదవాలి. కొన్ని పథకాలు, ముఖ్యంగా యజమానులు తమ ఉద్యోగుల కోసం ఏర్పాటు చేసినవి, ఈ శస్త్రచికిత్సను పూర్తిగా మినహాయిస్తాయి. అటువంటి పథకంలో ఉన్నవారు నెలల తరబడి ఆహార నియమం పాటించినా అనుమతి రాదు. కాబట్టి బీమా కంపెనీకి ఫోన్ చేసి, బేరియాట్రిక్ సర్జరీకి (బరువు తగ్గించే శస్త్రచికిత్సకు వైద్యులు వాడే పేరు) వారు అనుసరించే వైద్య విధాన పత్రాన్ని పంపమని అడగండి. ఫోన్‌లో విన్న మాటతో సరిపెట్టుకోకుండా, కాగితం మీద ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోండి.

ఆ పత్రంలో మొదట కనిపించేది బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే లెక్క, దాని పరిమితి. బీఎంఐ 40 దాటినవారు, లేదా 35 దాటి బరువు వల్ల వచ్చిన తీవ్రమైన జబ్బులు కూడా ఉన్నవారు శస్త్రచికిత్సకు అర్హులని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు నిర్ణయించింది. 2022లో రెండు ప్రధాన వైద్య సంఘాలు ఈ ప్రమాణాన్ని సడలించి, 35 ఉంటే వేరే జబ్బు లేకపోయినా సిఫారసు చేయవచ్చని, ఆసియా మూలాలవారికి 27.5 నుంచే అవకాశం ఇవ్వాలని ప్రకటించాయి. అయినా అనేక బీమా పథకాలు నేటికీ పాత లెక్కనే పట్టుకుని ఉన్నాయి గనుక, మీ సర్జన్ చెప్పిన అర్హత వేరు, కంపెనీ ఒప్పుకునే అర్హత వేరు కావచ్చు.

ఇక అసలు చిక్కు వైద్య పర్యవేక్షణలో ఆహార నియమం పాటించడం దగ్గర వస్తుంది. ఈ షరతు పెట్టే పథకాలు ఎక్కువగా 3 నుంచి 6 నెలలు, అదీ వరుసగా, నెలకొకసారి డాక్టరునో డైటీషియన్‌నో కలవాలంటాయి. శస్త్రచికిత్సకు ముందు ఇలా తప్పనిసరిగా నెలలు గడిపించడం వల్ల ఫలితాలు మెరుగవుతాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికాలోని బేరియాట్రిక్ సర్జన్ల సంఘం స్పష్టంగా అభ్యంతరం చెప్పింది. నా అభిప్రాయం కూడా అదే. జబ్బుతో ఉన్న మనిషిని కారణం లేకుండా నిరీక్షింపజేయడం న్యాయం కాదు. కానీ షరతు ఉన్నంతకాలం దాన్ని ఒక్క పొరపాటు లేకుండా పూర్తిచేయడమే రోగికి క్షేమం.

ఇక్కడ దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది చాలావరకు ఆహారం వల్ల కాదు, రాత వల్ల. “రోగికి ఆహారం గురించి సలహా ఇవ్వడమైనది” అన్న ఒక్క వాక్యం డాక్టరు నోట్సులో ఉంటే బీమా సమీక్షకులు దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. అదే నోట్సులో ఆ రోజు తేదీ, ఆ గదిలోనే తూచిన బరువు, ఎత్తు, బీఎంఐ, రోజుకు ఇన్ని కేలరీలు తినాలన్న సూచన, రోగి చేస్తున్న నడక లేదా వ్యాయామం, గత నెలలో మార్చుకున్న అలవాటు, వచ్చే నెలకు పెట్టుకున్న లక్ష్యం, చివర డాక్టరు సంతకం ఉంటే ప్రశ్నించడానికి ఆస్కారం తక్కువ. మొదటి సందర్శనకు వెళ్లేటప్పుడే బీమా విధాన పత్రం ప్రతిని తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి. ప్రతిసారీ బయటికి వచ్చిన తరువాత, నోట్సు ప్రతిని తెప్పించుకుని తేదీ, బరువు సరిగా పడ్డాయో లేదో చూసుకోండి. ఆరో నెలలో కనిపించిన లోపాన్ని రెండో నెలకు వెనక్కి వెళ్లి సరిదిద్దడం దాదాపు అసాధ్యం.

నెలకు ఒకటి చొప్పున అన్ని అపాయింట్‌మెంట్లనూ మొదటి రోజే బుక్ చేసుకోవాలి. ఒక నెల తప్పితే లెక్క మళ్లీ మొదటికి వచ్చే పథకాలున్నాయి. వీడియో ద్వారా కలిస్తే చెల్లుతుందా, డైటీషియన్ ఒక్కరే సరిపోతారా, ఉద్యోగం మారి బీమా మారితే పాత నెలలు లెక్కకు వస్తాయా అన్నవి ముందే అడిగి తెలుసుకోవలసిన ప్రశ్నలు.

చాలామందిని వేధించే భయం మరొకటి ఉంది: ఈ నెలల్లో బరువు తగ్గి బీఎంఐ పరిమితి కిందికి వెళ్తే అనుమతి పోతుందేమోనని. కొన్ని పథకాలు కార్యక్రమం మొదలైన రోజు బరువునే చూస్తాయి, కొన్ని దరఖాస్తు రోజు బరువును అడుగుతాయి. మీ పథకం ఏ బరువును చూస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ భయంతో కావాలని బరువు పెంచుకోవడం మాత్రం రెండు విధాలా నష్టం. ఈ కాలంలో బరువు పెరిగితే తిరస్కరించే పథకాలున్నాయి, పైగా పెరిగిన ప్రతి కిలో ఆపరేషన్ బల్ల మీద కష్టాన్ని పెంచుతుంది.

ఈ నెలలను శస్త్రచికిత్స తరువాతి జీవితానికి అభ్యాసంగా వాడుకోవడం మేలు. తరువాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ శస్త్రచికిత్సతో చిన్నదైన కడుపులోకి చేరాలి. అందుకే పళ్లెంలో ముందు ప్రొటీన్ ఉన్నదాన్ని తినడం, ముద్దను మెత్తగా నమిలి నెమ్మదిగా మింగడం, భోజనంతోపాటు నీళ్లు తాగకుండా తిన్న 30 నిమిషాలకు తాగడం, తీపి పానీయాలు మానడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. తిన్నది తిన్నట్టు పుస్తకంలో రాయండి. అతిగా తిన్న రోజును దాచిపెడితే డైటీషియన్ సాయం చేయలేరు.

మిగతా పరీక్షలు ఇదే వ్యవధిలో పూర్తవుతాయి: మానసిక నిపుణుల మూల్యాంకనం, రక్తపరీక్షల్లో ఐరన్, బీ12, విటమిన్ డి స్థాయిలు, అవసరమైతే నిద్ర పరీక్ష, ఎండోస్కోపీ (సన్నని గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష). పొగతాగేవారు ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందు పూర్తిగా మానాలి. నికోటిన్ కోసం పరీక్ష చేసే ఆసుపత్రులు అనేకం.

తిరస్కరణ లేఖ వస్తే కుంగిపోవద్దు. అందులో రాసిన కారణాన్ని చదివి, లోపించిన కాగితమేదో గుర్తించి, సర్జన్‌ను బీమా కంపెనీ డాక్టరుతో నేరుగా మాట్లాడమని కోరండి. అమెరికాలో ఎక్కువ పథకాలలో అంతర్గత అప్పీలుకు, అంటే బీమా కంపెనీకే మళ్లీ విన్నవించుకోవడానికి, 180 రోజుల గడువు, అక్కడా కాదంటే స్వతంత్ర సమీక్ష కోరడానికి నాలుగు నెలల గడువు ఉంటాయి.

అనుమతి వచ్చాక మరో ఆహార నియమం మొదలవుతుంది. ఇది బీమా కోసం కాదు, సర్జన్ కోసం. ఆపరేషన్‌కు సుమారు రెండు వారాల ముందు నుంచి, తరచుగా రోజుకు 800 నుంచి 1200 కేలరీలతో, పిండిపదార్థాలు బాగా తగ్గించి ఎక్కువగా ద్రవాహారం ఇస్తారు. కడుపును కప్పి ఉండే కాలేయపు ఎడమ భాగంలో కొవ్వు, గ్లైకోజెన్ (శరీరం నిల్వ చేసుకున్న చక్కెర) నిండి ఉంటే దాన్ని పైకెత్తి లోపల పనిచేయడం కష్టం. ఈ ఆహారంతో కాలేయం కుంచించుకుని సర్జన్‌కు చోటు దొరుకుతుంది. దీన్ని సరిగా పాటించకపోతే ఆపరేషన్ వాయిదా పడవచ్చు కూడా.

మధుమేహం ఉన్నవారు ఈ రెండు వారాల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు గానీ పాత మోతాదులోనే వాడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మరికొన్ని మాత్రలను ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపాలి. అందువల్ల ద్రవాహారం మొదలుపెట్టే రోజుకు ముందే మీ మందులన్నిటి జాబితాను డాక్టరు ముందు పెట్టి, ఏది ఎంత, ఏది ఎప్పటి నుంచి ఆపాలి అన్నది రాయించుకోండి. అదే సమయంలో బీమా అనుమతి చెల్లుబాటయ్యే చివరి తేదీని, ఆపరేషన్ తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాయిదా పడి గడువు దాటే సూచన ఉంటే ఆసుపత్రి బీమా విభాగంతో మాట్లాడి ముందుగానే పొడిగింపు కోరాలి.