మెడ, తల తడిమి చూడటం - నాలుగో పాఠం: జుట్టు కింద గడ్డ

పోయిన పాఠంలో అద్దం ముందు గడ్డం పైకెత్తి, నీళ్ళు గుటకేస్తూ మెడ చూసుకున్నాం. మింగినప్పుడు పైకి లేచే గడ్డ చాలావరకు థైరాయిడ్‌దే (మెడ ముందు భాగంలో ఉండే గ్రంథి) అని చెప్పుకున్నాం. ఈసారి చెయ్యి తల మీదకు వెళ్తుంది.

థైరాయిడ్ క్యాన్సర్ చర్మానికి పాకడం చాలా అరుదు, టెన్షన్ పడొద్దు. పాకితే మాత్రం ఎక్కువగా నెత్తి మీదే కనబడుతుంది. అక్కడ రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి, రక్తంలో కొట్టుకొచ్చిన కణాలు అక్కడ కుదురుకుంటాయంటారు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే పాపిల్లరీ రకమైనా, ఫోలిక్యులర్ రకమైనా ఇలా రావచ్చు, మెడ ఆపరేషనైన ఏళ్ళ తర్వాత కూడా. సాధారణంగా నొప్పి ఉండదు, పైగా జుట్టు కప్పేస్తుంది.

మా పర్లాకిమిడిలో తలలో గడ్డను ముందు కనిపెట్టేది నూనె రాసే అమ్మ, లేదంటే క్షవరం చేసే మనిషి. అందుకే ఈ పాఠానికి ఆదివారం తలంటు పూట పెట్టుకోండి.

గోళ్ళు తగలనివ్వకండి, వేళ్ళ మెత్తటి భాగంతో తడమాలి. నుదుటి అంచున మొదలుపెట్టి, మాడు దాటి, మెడ వెనక దాకా రండి. చెవుల వెనక మర్చిపోవద్దు. ఏదైనా తగిలితే అక్కడ పాయ తీసి వెలుతురులో చూడండి. శనగగింజంత ఉందా, ఉసిరికాయంత ఉందా? చర్మం రంగేనా, ఎర్రగానో ఊదాగానో ఉందా? గట్టిగా ఉందా? వేలు ఆనిస్తే నాడిలా కొట్టుకుంటోందా? పైన పుండు పడిందా? సైజూ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

తలలో తగిలేవి చాలావరకు మామూలు తిత్తులే, జనం కొవ్వు గడ్డలంటారు, నున్నగా గుండ్రంగా ఉంటాయి. కానీ చేత్తో ఏ గడ్డ ఏదో తేలదు, ఇన్నేళ్ళు తడిమిన నా చేత్తో కూడా. సూది పరీక్షో ముక్క పరీక్షో (బయాప్సీ) చెయ్యాలి. ఆ ముక్కలో థైరోగ్లోబ్యులిన్, అంటే థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్, కనబడితే అది థైరాయిడ్ నుంచి వచ్చిందే.

నేనెరిగిన ఒక పెద్దాయనకు నెత్తి మీద గడ్డను కొవ్వేనని కోశారు. మెడ మీద పాత థైరాయిడ్ ఆపరేషన్ సన్నటి కోత మచ్చ చొక్కా కాలర్ కిందే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రక్తం ఎంతకీ ఆగలేదు. థైరాయిడ్ నుంచి పాకిన గడ్డల్లో రక్తనాళాలు ఎక్కువగా ఉండొచ్చు. ఆ రోజు తడిసిన గుడ్డలు నాకింకా కళ్ళముందే ఉన్నాయి.

కాబట్టి థైరాయిడ్ ఆపరేషనైనవాళ్ళకు తలలో కొత్త గడ్డ తగిలితే, పెరుగుతుందో లేదో చూద్దామని ఆగొద్దు. పక్కనున్న పాతపట్నంలో చూపించినా, బరంపురం వెళ్ళినా, విశాఖ వెళ్ళినా పాత డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు సంచిలో ఉండాలి. ఆపరేషన్ సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి. బరంపురంలో ఒడియాలో చెప్పాల్సి వస్తే, మెడను 'బెక' అంటారు. మాట రాకపోతే మచ్చ మీద వేలు పెట్టి చూపించండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఇద్దరి తలలు తడిమి, తగిలినవన్నీ రాసుకోండి. వచ్చే పాఠంలో మెడ పక్కల బిళ్ళలు (లింఫ్ గ్రంథులు).