తింటుంది, పరిగెడుతుంది, ఒళ్లు మాత్రం చేయదు: కుక్క బరువు తక్కువైతే సమస్య - పరిష్కారం

హుషారుగా ఉంది కాబట్టి కుక్క ఆరోగ్యంగానే ఉందనుకోవడం దగ్గర చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. కడుపునిండా కొంకి పురుగులున్న కుక్క కూడా బంతి వెంట పరిగెడుతుంది. వయసులో ఉన్న కుక్క ఒంట్లో రక్తం తగ్గుతున్నా కొన్ని వారాలపాటు బయటపడనివ్వదు. అందుకని హుషారును పక్కన పెట్టి మూడు విషయాలను ఈ వరుసలోనే చూడాలి: గిన్నెలోకి ఏం వెళ్తోంది, మలంలో ఏం వస్తోంది, రక్తంలో ఏముంది. ముందే టానిక్ సీసా కొంటే డబ్బు పోవడం అటుంచి, అసలు కారణం మరో రెండు నెలలు దాక్కుంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: బరువు తక్కువా, ఆకారమే అంతా?

కంటితో కాదు, చేత్తో చూడండి. వేళ్లను పక్కటెముకల మీద నొక్కకుండా జరపండి. మీ చేతిని చాపి వెనక వైపు తడిమితే ఎలా ఉంటుందో అలా, ఎముకలు తెలుస్తూ పైన పలచటి పొరతో ఉండాలి. పిడికిలి బిగించి కణుపుల మీద తడిమినట్టు గరుకుగా తగిలితే బరువు తక్కువే. డాక్టర్లు 1 నుంచి 9 వరకు వేసే మార్కుల్లో 4, 5 సరైనవి. వెన్నుపూసలు, తుంటి ఎముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉంటే 3 లేదా అంతకంటే కింద అని అర్థం.

ముధోల్, కారవాన్, రాజపాళయం లాంటి వేట జాతుల్లో చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడటం సహజం. మన ఊరి కుక్కలూ సన్నగానే ఉంటాయి. పక్కింటి లాబ్రడార్‌తో పోల్చి వీటిని లావెక్కించాలని చూడకండి. వీటికి తొడల మీద కండ చూడాలి. తొడ గట్టిగా, గుండ్రంగా ఉంటే భయం లేదు. పలచబడి లోపలికి పోయినట్టుంటే కింద చెప్పినవి వర్తిస్తాయి.

తూకానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. కుక్కను ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి నిలబడి తీసివేయండి. వారానికోసారి, ఒకే రోజున, పొద్దున్నే తిండికి ముందు చూసి రాసిపెట్టుకోండి.

లక్షణం: గిన్నె నాకేస్తుంది, మలం గట్టిగానే ఉంది, బరువు ఎక్కదు

ఎక్కువ ఇళ్లలో కనబడేది ఇదే. కారణం పెరుగన్నం. 15 కిలోలున్న, 18 ఉండాల్సిన కుక్కను తీసుకుందాం. లెక్క ఎప్పుడూ ఉండాల్సిన బరువుకే కట్టాలి. ఆ బరువును 30తో గుణించి 70 కలపండి: 18 × 30 + 70 = 610 క్యాలరీలు. ఇది కదలకుండా పడుకున్నా ఒంటికి పట్టేది. బాగా తిరిగే కుక్కకు దీన్ని 1.6 నుంచి 2తో గుణించాలి. అంటే రోజుకు సుమారు 980 నుంచి 1,220. మధ్యలో 1,100 దగ్గర మొదలుపెట్టండి. (ఈ సులువు లెక్క 2 నుంచి 45 కిలోల మధ్య ఉన్న ఎదిగిన కుక్కలకు. నాలుగు నెలల లోపు పిల్లలకైతే 3తో గుణించాలి, అదీ వాటి ఇప్పటి బరువుకు.)

ఇప్పుడు గిన్నె చూడండి. పూటకు 300 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగు, రెండు పూటలా పెడితే మొత్తం 900 క్యాలరీలు. క్యాలరీల కొరత కొంచెమే. అసలు దెబ్బ ప్రొటీన్ దగ్గర: ఆ గిన్నెలో ఉన్నది 23 గ్రాములకు అటూ ఇటూ. ప్యాకెట్ ఆహారానికి అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ఎదిగిన కుక్కకు ప్రతి 1,000 క్యాలరీలకు కనీసం 45 గ్రాములుండాలి. ఈ గిన్నెలో ఉన్నది అందులో దాదాపు సగమే. పొట్ట నిండుతుంది, కండ మాత్రం రాదు.

పరిష్కారం ఇలా. రోజు మొత్తానికి, అన్నీ ఉడికించాక తూచినవి: ఎముకల్లేని చికెన్ 250 గ్రాములు, అన్నం 250 గ్రాములు, ఉడికించిన గుడ్లు 2, చికెన్ లివర్ 30 గ్రాములు, గుమ్మడి లేదా క్యారెట్ 100 గ్రాములు, నూనె 2 టీస్పూన్లు. మొత్తం దాదాపు 1,100 క్యాలరీలు, ప్రొటీన్ 80 గ్రాములకు పైనే. లివర్ చవక కదా అని పెంచకండి, విటమిన్ ఎ ఎక్కువై అదో సమస్య. మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు, కాబట్టి కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు ముప్పావు టీస్పూన్ కలపాలి. జింక్, అయోడిన్, విటమిన్ డి కూడా ఈ గిన్నెలో చాలవు. నెలల తరబడి ఇంటి వంటే పెడితే డాక్టర్ని అడిగి కుక్కల మినరల్ మిక్స్ రాయించుకోవాలి. పెద్ద జాతి పిల్లలకు మాత్రం కాల్షియం సొంతంగా వేయొద్దు, ఎముకలు వంకరపోతాయి.

కుక్కల గుళికల ఆహారం ప్యాకెట్ అయితే దాని వెనక కిలోకు ఎన్ని క్యాలరీలో చూడండి. 3,600 అని ఉంటే 1,100 క్యాలరీలకు 305 గ్రాములు. స్టీలు గ్లాసుతో కొలిస్తే రోజుకో లెక్క వస్తుంది. వంటింటి తూకం వాడండి.

ఏది మార్చినా 7 నుంచి 10 రోజుల్లో, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ మార్చాలి. తొందరపడి ఒకేసారి నెయ్యి పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఉన్న బరువూ దిగుతుంది. క్లోమం వాచే ప్రమాదమూ ఉంది.

మిగిలిన కూర కలపడం చాలా ఇళ్లలో అలవాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు, పులుసులోకి దిగుతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. మనుషుల సిరప్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

లక్షణం: తిండి సరిపోతోంది, మలం సరిగా లేదు

మలం ఎలా ఉందన్నదే ఇక్కడ దారి చూపిస్తుంది.

మలద్వారం చుట్టూ, పడుకున్న చోట బియ్యపు గింజల్లాంటివి ఎండి కనబడితే అవి బద్దె పురుగు ముక్కలు. ఈ పురుగు ఎక్కువగా ఫ్లీస్ ద్వారా వస్తుంది, అంటే కుక్క ఒంటి మీద దూకే చిన్న పురుగుల వల్ల. ప్రాజిక్వాంటెల్ అనే మందు వేస్తే పోతుంది, ఫ్లీస్‌ను వదిలేస్తే నెలలోపే మళ్లీ వస్తుంది. మలం నల్లగా, తారులా ఉండి చిగుళ్లు పాలిపోతే కొంకి పురుగులను అనుమానించాలి. జిగటగా, దుర్వాసనతో, ఒకరోజు బాగుండి మరునాడు పలచబడితే గియార్డియా అనే పేగుల్లోని సూక్ష్మజీవి కావచ్చు.

ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర మామూలుగా 10 కిలోలకు ఒకటి. తిండి ఉండాల్సిన బరువుకు, మందు ఇప్పుడున్న బరువుకు. ఈ రెండూ తారుమారు కాకూడదు. బరువు ఉజ్జాయింపుగా అనుకుని సగం మాత్ర వేయడం వల్లే చాలాసార్లు పురుగులు పోవు. ఎదిగిన కుక్కకు మూడు నెలలకోసారి, పిల్లలకు రెండు వారాల వయసు నుంచి పన్నెండు వారాల దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి. మొదటి మోతాదుకు గుడ్లు, లార్వాలు చావవు కాబట్టి రెండో మోతాదు ఎప్పుడో డాక్టర్ని అడగండి.

మందు వేసినా మారకపోతే మల పరీక్ష. మూతున్న డబ్బాలో చెంచాడు తాజా మలం, కొన్ని గంటల్లోపు ఇవ్వాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచండి. గియార్డియా ప్రతిసారీ కనబడదు, అందుకే మూడు వేర్వేరు రోజుల నమూనాలు అడుగుతారు. ఒకసారి 'ఏమీ లేదు' అని వచ్చిందని ఆగిపోవద్దు. ఇంట్లో పిల్లలుంటే మలాన్ని ఏ రోజుకారోజు తీసేయండి. ఏలిక పాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి, కొంకి పురుగు లార్వాలు పాదాల గుండా మనుషుల చర్మంలోకీ వెళ్తాయి.

ఇక ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. తిండి కోసం అల్లాడిపోతుంది, ఎంత పెట్టినా చాలదు, మలం పెద్ద కుప్పలుగా లేత పసుపు రంగులో జిడ్డుగా వస్తుంది, దాన్నే తినబోతుంది. వయసులో ఉన్న జర్మన్ షెపర్డ్‌లో ఇలా ఉంటే క్లోమం జీర్ణరసాలు తయారుచేయడం లేదేమో చూడాలి. పరగడుపున రక్తం తీసి చేసే టీఎల్‌ఐ పరీక్షతో తేలుతుంది. ఎంజైమ్ పొడిని జీవితాంతం ప్రతి పూటా తిండిలో కలపాలి, చాలా కుక్కలకు బి12 కూడా కావాలి. పొడి మొదలుపెట్టాక కొద్ది వారాల్లోనే ఒళ్లు పట్టడం కనబడుతుంది. ఈ జబ్బు తెలియక నెలల తరబడి పురుగుల మందే వేస్తుంటారు.

లక్షణం: రెండు ముద్దలు తిని పరిగెడుతుంది

గిన్నె రోజంతా అక్కడే ఉంటే ఆకలి పుట్టదు. మూడు పూటలు పెట్టండి, 20 నిమిషాల్లో గిన్నె తీసేయండి. మూల ప్రశాంతంగా ఉండాలి, ఇంట్లో రెండో కుక్క ఉంటే వేరే గదిలో పెట్టాలి. ఎండాకాలంలో పెద్ద పూటలు తెల్లవారుజామున, రాత్రి. ఒకవైపే నములుతున్నా, ముద్ద జారిపడుతున్నా పళ్లు చూపించాలి.

లక్షణం: కాలు ఒకచోట నిలవదు

తిండి సరిపోయినా దాన్ని కాల్చేసే కుక్కలివి. గంట సేపు బంతి విసిరితే అలసి పడుకుంటుందని అనుకుంటారు. అలా చేస్తే రెండు వారాల్లో మరో గంట అడుగుతుంది. దమ్ము పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. బంతిని రోజుకు ఐదు నిమిషాలకు తగ్గించి, పొద్దున 30 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు తాడుతో నెమ్మదిగా, వాసన చూస్తూ ఆగే నడక ఇవ్వండి. ఎత్తు మీదికి నింపాదిగా నడిపిస్తే వెనక తొడలకు కండ పడుతుంది. ఒక పూట గుళికలను గడ్డిలో చల్లండి, లేదా పాత తువ్వాలులో చుట్టి వెతకనివ్వండి. ముక్కుకు పని పెడితే తొందరగా సేద తీరుతుంది. ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు పడుకోవాలి. వీధి కనబడే గేటు దగ్గర కట్టేస్తే ప్రతి బండికీ లేస్తుంది, ఆ నిద్ర దక్కదు.

మన ఎండల్లో పొద్దున నడక 7 లోపే ముగియాలి. రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. తిన్నాక గంట పరుగు వద్దు. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే పొట్ట మెలిపడిందేమో, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

లక్షణం: ఉన్నట్టుండి తగ్గింది, చిగుళ్లు తెల్లబడ్డాయి

చెవుల లోపల, వేళ్ల మధ్య పిడుదులు వెతకండి. దొరికినా దొరక్కపోయినా పిడుదుల జ్వరాన్ని మనసులో పెట్టుకోండి. ఎర్లిఖియా, బాబేసియా అనే ఈ రకం జబ్బులు మన దగ్గర మామూలు. కుక్క ఒంటి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. అంతకు మించినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం టీ డికాషన్‌లా ఉన్నా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇంట్లోంచి తీసి వేయొద్దు. ఎర్లిఖియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు. పదో రోజుకే గంతులేస్తుంది, అక్కడ ఆపితే జబ్బు లోపల మిగిలిపోతుంది. మాత్రను తిండితో, వెనక నీళ్లతో ఇవ్వండి, లేకపోతే గొంతులో అంటుకుని పుండు పడుతుంది. బాబేసియాకు మందులు వేరు, కాబట్టి ఊహించి మొదలుపెట్టే జబ్బు కాదు.

నీళ్ల లెక్కా చూడండి. కిలోకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 15 కిలోల కుక్క లీటరున్నర మించి తాగితే, షుగరు, కిడ్నీ పరీక్షలు అడగాలి.

వీధిలోంచి తెచ్చిన, ఎముకల గూడులా ఉన్న కుక్కకు ఇవేవీ నేరుగా వర్తించవు. ఎన్నాళ్లో పస్తులున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వెళ్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మొదటిరోజు, ఇప్పటి బరువుకు కట్టిన విశ్రాంతి లెక్కలో (బరువు × 30 + 70) పావు వంతే, నాలుగైదు పూటలుగా పెట్టి, వారం పదిరోజుల్లో పూర్తి మోతాదుకు తేవాలి. డాక్టర్ కనుసన్నల్లో చేయాల్సిన పని ఇది.

బరువు వారానికి 1 నుంచి 2 శాతం పెరిగితే చాలు, 15 కిలోల కుక్కకు 150 నుంచి 300 గ్రాములు. రెండు వారాలు కదలకపోతే తిండి 10 శాతం పెంచండి. మరో రెండు వారాలకూ కదలకపోతే బరువుల చీటీ, తిండి లెక్క, డీవార్మింగ్ తేదీలు, మలం డబ్బా పట్టుకుని వెళ్లండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ కుక్కల్ని చూస్తారు. కోరుకున్న బరువుకు చేరాక గిన్నెను 10 శాతం తగ్గించి, తూకం నెలకోసారి చూడండి.