ఒంట్లో ఉన్న గడియారానికి తగ్గట్టు స్టూడెంట్స్ రోజుని ఎలా సెట్ చేసుకోవాలి?

పదిన్నరకే లైట్ తీసేసి పడుకుంటారు, పన్నెండైనా కునుకు పట్టదు, పొద్దున అలారం నాలుగుసార్లు మోగినా కళ్లు తెరుచుకోవు, ఇంట్లోవాళ్లేమో బద్ధకం అంటారు. బద్ధకం కాదండీ అది. టీనేజ్‌లో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ రావడమే గంటో రెండు గంటలో లేటవుతుంది, పైగా చాలామందిలో బాడీ క్లాక్ దానంతటది తిరిగితే 24 గంటల కంటే కాస్త ఎక్కువే తీసుకుంటుంది, అందుకే రోజూ సరిచెయ్యకపోతే నిద్ర టైమ్ ఇంకా లేట్ అవుతూ పోతుంది. దాన్ని సరిచేసేది ముఖ్యంగా వెలుతురు.

కాబట్టి రాత్రి త్వరగా పడుకోవడంతో మొదలుపెట్టకండి, పొద్దున లేవడంతో మొదలుపెట్టండి.

ముందు లేచే టైమ్ ఒకటి ఫిక్స్ చేసుకోండి, సెలవు రోజైనా గంటకి మించి తేడా రాకూడదు. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే సోమవారం పొద్దున ఒంటికి వేరే దేశంలో ఫ్లైట్ దిగినట్టే ఉంటుంది. ఇప్పుడు 8కి లేస్తుంటే రేపే 6కి పెట్టేయొద్దు, రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకి జరుపుతూ రండి.

లేచాక ఫోన్ పట్టుకుని మంచం మీదే ఉండిపోకుండా ఒక 20, 30 నిమిషాలు బయట తిరగండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే యూనిట్) అంతే, బయట మబ్బుగా ఉన్నా వేలల్లో ఉంటుంది. మన రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, వెలుతురు ఎంతుందో మెదడులోని క్లాక్‌కి కబురు పంపే కణాలే వేరుగా ఉన్నాయి, వాటికి ఆ డోసు కావాలి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడొద్దు.

తర్వాత ఒక వారం పాటు గంటగంటకీ చురుగ్గా ఉన్నారా, మత్తుగా ఉన్నారా అని నోట్‌బుక్‌లో టిక్ పెట్టుకోండి. నేను చదువుకునేటప్పుడు ఇలా పెట్టుకుంటే తెలిసింది, రెండింటి నుంచి మూడున్నర దాకా ఒకే పేరా మళ్లీ మళ్లీ చదువుతున్నానని, అన్నం తినడం వల్లే అనుకునేదాన్ని, కానీ తినకపోయినా ఆ టైమ్‌కి మత్తు వస్తుంది. లెక్కలు, కష్టమైన చాప్టర్లు చురుగ్గా ఉండే గంటల్లోకి మార్చి, మత్తు టైమ్‌లో నోట్స్ రాసుకోండి, లేదా 20 నిమిషాలు పడుకోండి, సాయంత్రం మాత్రం నిద్రపోకండి.

కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపేయండి, తాగిన ఐదారు గంటలకి కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది.

పడుకునే టైమ్‌ని లేచే టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు, ఆ పైవాళ్లకి కనీసం 7 కావాలి. దానికి గంట ముందే లైట్లు తగ్గించి, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవద్దు ప్లీజ్, చదివింది గుర్తుండిపోయేలా మెదడు సర్దుకునేది నిద్రలోనే.

ఎప్పుడైనా లేట్‌గా పడుకున్నా మర్నాడు అదే టైమ్‌కి లేవండి. ఇవన్నీ చేసి నెల దాటినా రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.